శకలాల అవగాహన సంఘం

పెదలంకపాలెం గోనెసంచుల నాణ్యతా పర్యవేక్షణ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సోమవారం ఉదయం కంప్యూటరు తెరిచేసరికి, సంస్థ రికార్డు మొత్తం మాయమై, దాని స్థానంలో ఎవరూ తయారు చెయ్యని ఫోల్డరు ఒకటి కూర్చుని ఉంది.

దాని పేరు ఫౌండ్ సున్నా సున్నా సున్నా. లోపల లెక్కలేనన్ని ఫైళ్ళు. ఏ ఒక్కదానికీ మనుషులు పెట్టే పేరు లేదు. జైల్లో ఖైదీలకి ఉన్నట్టు అన్నింటికీ నంబర్లు, నంబరు పక్కన చుక్క, చుక్క తర్వాత సీ హెచ్ కే అని మూడక్షరాలు.

డేటా ఎంట్రీ ఆపరేటరు ఎస్తేరు రాణి ఒకదాన్ని తెరిచింది. 'కావున సదరు సంచులయందు ఎలుకలు చేసిన రంధ్రములు' అని ఉంది. అంతే. ఆ రంధ్రాలకి ముందు ఏమీ లేదు, తర్వాత ఏమీ లేదు. ఇంకొకటి తెరిస్తే ఏదో గ్రూపు ఫోటో అడుగు సగం వచ్చింది. వరసగా చెప్పులు. మూడోది తెరిస్తే తెర నిండా చతురస్రాలు, ప్రశ్నార్థకాలు, పేరు తెలియని పురుగుల్లాంటి గుర్తులు.

ఆమె కుర్చీ వెనక సీనియర్ అసిస్టెంటు వాసంశెట్టి చిట్టబ్బాయి నిలబడి ఉన్నాడు. ఆయనకి నెలాఖరున రిటైర్మెంటు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆయన సర్వీసు వివరాలు, పెన్షను ప్రతిపాదనలు అన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. ఆ ముక్కల్లో తన సర్వీసు ఎక్కడుందా అని ఆయన తెర మీదికి వంగాడు.

కాగితాలు ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. లేవు. పోయిన ఏడాది సంస్థ కాగిత రహిత కార్యాలయ మహోద్యమం జరిపింది. ఫైళ్ళన్నీ స్కాను చేసి, అసలు కాగితాలని తాము నాణ్యత ధ్రువీకరించిన గోనెసంచుల్లోనే కుక్కి, పేపరు మిల్లుకి తోలేశారు. అందులో సగం సంచులు దారిలోనే చిరిగాయి. ఆ ఉద్యమానికిగాను ప్రాంతీయ అధికారి పరాంకుశరావుకి ప్రధాన కార్యాలయం వారు ఒక షీల్డు ఇచ్చారు. కంప్యూటరుకి నకలు తీసి పెట్టుకోలేదా అని కూడా అడగవచ్చు. నకలు తీసే పెట్టె కొనడానికి ప్రతిపాదన తయారైంది. ఆ ప్రతిపాదన కూడా ఆ కంప్యూటరులోనే ఉంది.

పరాంకుశరావు గదిలో అత్యవసర సమావేశం పెట్టాడు. ఎస్తేరు రాణి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం కంప్యూటరు మొరాయిస్తే డిస్కు తనిఖీకి పెట్టి, చర్చిలో ఉపవాస ప్రార్థన ఉండి ఆమె పెందలాడే వెళ్ళిపోయింది. తనిఖీ మధ్యలో ఉండగా ఎవరో కరెంటు ఆపేశారు. ఇవాళ స్విచ్ వెయ్యగానే కంప్యూటరు మళ్ళీ తనంతట తనే తనిఖీ చేసుకుని, తెగిపోయిన ముక్కల్లో ఏది ఏ ఫైలుదో తెలియక అన్నింటినీ తెచ్చి ఈ ఫోల్డరులో పోసింది.

"ఒక్కోటీ తెరిచి చూసుకోవడమేనండి. పనికొచ్చేవి కొన్నే ఉంటాయి. వాటిని దాచుకుని, మిగతావి తీసేస్తే సరిపోద్ది," అంది.

పరాంకుశరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే నిబంధన ఏదో చెప్పబోతున్నాడని అందరికీ తెలుసు. ప్రధాన కార్యాలయం వారి అనాథ రికార్డుల విలీన ఉత్తర్వుల ప్రకారం కార్యాలయంలో దొరికిన ఏ రికార్డునూ పారవేయరాదు. దొరికిన ప్రతి ముక్కా ఏదో ఒక ఫైలుకి చెంది తీరవలెను. చెందిన ఫైలు ఏదో తెలియనప్పుడు తెలుసుకొనుటకు ఒక సంఘము వేయవలెను.

ఆ పూటే సంఘం ఏర్పడింది. పేరు శకలాల అవగాహన సంఘం. అధ్యక్షుడు పరాంకుశరావు. సభ్య కార్యదర్శి చిట్టబ్బాయి, ఎందుకంటే ఆ ఆఫీసులో నోటు రాయడంలో ఆయనంత చెయ్యి తిరిగినవాడు లేడు. రెండో సంగతి తేల్చడానికి, అంటే తనిఖీ మధ్యలో స్విచ్ ఆపిన దోషి ఎవరో పట్టుకోవడానికి, ప్రధాన కార్యాలయం నుంచి త్రిలోచనమూర్తి అనే విచారణాధికారి కూడా దిగాడు. దోషి దొరికితే చార్జిమెమో ఇస్తామని, రిటైరయ్యేవాడైతే పెన్షను నిలిపేస్తామని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కాగిత రహిత కార్యాలయంలో ఏడాది తర్వాత అంటిన మొదటి కాగితం అదే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పెయ్యడం మంచిది. ఆ స్విచ్ ఆపిన చెయ్యి ఎవరిదో చిట్టబ్బాయికి బాగా తెలుసు. రోజూ ఆయన అన్నం కలుపుకుంటున్న చెయ్యే అది.

ఆ కాగితం చదివిన సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి భార్య మంగతాయారుకి ఏమీ చెప్పలేదు. ఆవిడ ముందు గదిలో కుట్టుమిషను మీద వంగి ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. పెళ్ళైన కొత్తలో సరదాకి మొదలుపెట్టిన మిషను, తర్వాత ఇంటి ఖర్చుల్లో సగం మోసింది. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు పక్కింటి కోడల్ని పిలవాల్సి వస్తోంది. పెన్షను చేతికొచ్చిన నెలలో మిషను అమ్మేసి, పొద్దున్నే లేచి ఏ పనీ లేకుండా అరుగు మీద కూర్చుంటానని ఆవిడ చాలాకాలంగా చెబుతోంది. చిట్టబ్బాయి ఆ వంగిన మెడ వంక కాసేపు చూశాడు. నోరు విప్పకూడదని అప్పుడే తీర్మానించుకున్నాడు.

శకలాలన్నీ ప్రింటు తీసి సమావేశ మందిరంలో నేల మీద పరిచారు. ఎగిరిపోకుండా ఫాన్లు ఆపేశారు. అది మే నెల. గోదావరి జిల్లాల్లో మే నెలలో ఫాను ఆపుకుని మోకాళ్ళ మీద పాకుతూ పరిపాలన సాగించిన ఘనత ఆ సంఘానిదే.

చెప్పుల ఫోటో మీద ఒక పూట చర్చ జరిగింది. పైసగం దొరకనందున చెప్పులను బట్టి అధికారులను గుర్తించాలని తీర్మానించి, సంస్థలో పనిచేసి వెళ్ళినవారందరికీ తమ పాత చెప్పులు తీసుకుని హాజరు కావలసిందిగా తాఖీదులు పంపారు. పురుగుల్లాంటి గుర్తులున్న ముక్కలని పరాంకుశరావు భూతద్దం పెట్టి చూసి, ఎవరికీ అర్థం కాకుండా ఉంది కనుక ఇది ఉన్నతస్థాయి రహస్య సమాచారం అయి ఉండాలని తేల్చాడు. వాటికి సీలు వేసి బీరువాలో పెట్టారు. అవి ఉత్త చెత్త అని ఎస్తేరు రాణి అనబోతే, రహస్యం గురించి వ్యాఖ్యానించే అర్హత కాంట్రాక్టు సిబ్బందికి లేదన్నారు. ఆమె తన సీటుకి వెళ్ళి మజ్జిగ తాగింది.

అక్షరాలున్న ముక్కలని అతకడానికి ఒక సూత్రం కావలసి వచ్చింది. సభ్య కార్యదర్శి హోదాలో చిట్టబ్బాయే దాన్ని రాశాడు. ఒక శకలము చివర ఆగిపోయిన వాక్యమును వేరొక శకలము మొదటి పంక్తి పూర్తి చేయగలిగిన పక్షమున, ఆ రెండు శకలములు ఒకే ఫైలునకు చెందినవిగా భావించవలెను. అంత చక్కటి సూత్రం తన సర్వీసులో చూడలేదని పరాంకుశరావు అన్నాడు. ప్రధాన కార్యాలయం వారు దాన్ని ఆమోదిస్తూ, ఒకసారి అతికిన రికార్డును తిరిగి విడదీయరాదని ఒక వాక్యం తమ వంతుగా చేర్చారు.

గురువారం మధ్యాహ్నం పరాంకుశరావే స్వయంగా ఒక ముక్క చదివాడు. 'శ్రీ వాసంశెట్టి చిట్టబ్బాయి ఈ సంస్థ సేవలో ప్రవేశించిన నాటి నుండి నేటి వరకు' అని ఆగిపోయింది. చిట్టబ్బాయి గుండె కుదుటపడింది. తన సర్వీసు బతికే ఉందన్నమాట. దాని కొనసాగింపు కోసం అందరూ నాలుగు వైపులా పాకారు. సరిగ్గా అతికే ముక్క బీరువా పక్కన దొరికింది.

పరాంకుశరావు రెండూ కలిపి గట్టిగా చదివాడు. "శ్రీ వాసంశెట్టి చిట్టబ్బాయి ఈ సంస్థ సేవలో ప్రవేశించిన నాటి నుండి నేటి వరకు రెండు పర్యాయములు ఇంజను మార్చబడినది. పొగ అధికము. బ్రేకులు పనిచేయవు. మరమ్మతు లాభదాయకము కాదు. బహిరంగ వేలమునకు సిఫారసు చేయడమైనది."

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, బాగా అతికింది అన్నాడు.

అది ఆఫీసు వెనకాల బీరపాదు పాకిన పాత జీపు తాలూకు ముక్కని చిట్టబ్బాయి మొత్తుకున్నాడు. జీపు ముక్క ఎక్కడుందో చూద్దామని మళ్ళీ వెతికారు. అదీ దొరికింది. 'సంస్థకు చెందిన జీపు' అని ఆగిపోయిన ముక్కకి, 'నిజాయితీతోను సమయపాలనతోను సేవలందించి ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నందున పూర్తి పెన్షనునకు అర్హత గలదు' అనే ముక్క గీత గీసినట్టు సరిపోయింది.

చిట్టబ్బాయి పరాంకుశరావు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. తాను మనిషినని మనవి చేసుకున్నాడు. పరాంకుశరావు ఆయన్ని కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

"చూడండి చిట్టబ్బాయి గారూ, వ్యక్తిగతంగా నేను ఒప్పుకుంటాను, మీరు మనిషే. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. కానీ నా వ్యక్తిగత అభిప్రాయాన్ని నేను ఫైల్లో పెట్టలేను కదా."

"మరి నా పెన్షనండీ?"

"అది మంజూరైంది. జీపుకి. మీరు రాసిన సూత్రమే మరి. మీరే కాదంటే ఎలా?"

అప్పీలు చేసుకోవచ్చని ఆయనే సలహా ఇచ్చాడు. చిట్టబ్బాయి అప్పీలు రాశాడు. అది ఎంత బాగుందంటే, తిరిగొచ్చేటప్పుడు దాని మీద భాష ప్రశంసనీయము అని ఉంది. దాని కింద, వాహనములు ప్రధాన కార్యాలయముతో నేరుగా ఉత్తరప్రత్యుత్తరములు జరపరాదు, డ్రైవరు ద్వారా పంపవలెను అని ఉంది. డ్రైవరు నూకరాజు ద్వారా పంపితే, డ్రైవరు తన వాహనము గురించి పక్షపాత ధోరణిలో మాట్లాడుట సహజము గనుక పరిగణించలేమని వచ్చింది.

నూకరాజు మంచివాడు. జీపు మూలన పడిన దగ్గర నుంచి పని లేక ఆఫీసు వరండాలో చీట్ల పేక ఆడుకుంటున్నవాడికి ఉన్నట్టుండి వాహనం అప్పజెప్పారు. సంస్థ వాహనం డ్రైవరు లేకుండా రోడ్డెక్కకూడదు. అందుకని రోజూ పొద్దున్నే చిట్టబ్బాయి ఇంటికొచ్చి, ఆయన వెనకాలే నడిచి ఆఫీసుకి తీసుకొచ్చేవాడు. మలుపుల దగ్గర చెయ్యి చూపించేవాడు. లాగ్ షీటులో ఇంటి నుండి కార్యాలయము వరకు, లోడు టిఫిను క్యారేజి అని రాసి, సంతకం కోసం నించునేవాడు.

"ఏవనుకోకండి చిట్టబ్బాయి గారండీ. నేను రాయకపోతే నా జీతం ఆపేత్తారండి. ఆయ్."

చిట్టబ్బాయి జీతం అప్పటికే ఆగిపోయింది. బదులుగా డీజిలు మంజూరైంది. నూకరాజు దాన్ని డబ్బాలో తెచ్చి ఆయన బల్ల కింద పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక, పోనీ జీపులో పొయ్యమన్నాడు చిట్టబ్బాయి. ఉద్యోగికి సంస్థ డీజిలు ఇవ్వడం నేరమని నూకరాజు ఒప్పుకోలేదు.

కథ ఇంటిదాకా వెళ్ళక తప్పలేదు. మంగతాయారు మిషను ఆపి మొత్తం విన్నది. నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో అని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"ఇంతకీ పెన్షను వస్తాదా, రాదా?" అంది.

"వస్తుంది. జీపుకి."

"జీపుకి పెళ్ళాం ఉందా?"

లేదన్నాడు. ఆవిడ మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు చిట్టబ్బాయికి మునుపెన్నడూ అంత గట్టిగా వినపడలేదు.

వేలానికి ముందు పరిశీలన జరిగింది. బస్సు డిపోలో రిటైరైన ఒక ఫోర్‌మన్ వచ్చాడు. పనిలో నిక్కచ్చి మనిషి. చిట్టబ్బాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మోకాలి మీద స్పానరుతో తట్టాడు, వరండా చివరిదాకా వెళ్ళి వెనక్కి రమ్మన్నాడు. చిట్టబ్బాయికి కంగారు పుడితే చుట్ట వెలిగించే అలవాటు ఉంది. వెలిగించాడు. పొగ అధికము అన్న మాట వాస్తవమేనని ఫోర్‌మన్ రాసుకున్నాడు. తర్వాత చిట్టబ్బాయి తనకి జరిగిన అన్యాయం చెప్పడం మొదలుపెట్టి, కాఫీ వచ్చి చల్లారిపోయేదాకా ఆపలేదు. బ్రేకులు పనిచేయవు అన్నది కూడా వాస్తవమేనని ఫోర్‌మన్ రాసుకున్నాడు. ఇంజను రెండుసార్లు మార్చిన సంగతి మాత్రం పైకి కనబడటం లేదన్నాడు. లోపల భాగాలను అనుమానించే అధికారం మనకి లేదని పరాంకుశరావు సర్దిచెప్పాడు.

నెలాఖరు రోజు పొద్దున జీపుకి వీడ్కోలు సభ, మధ్యాహ్నం చిట్టబ్బాయి వేలం అని నోటీసు వేశారు. ఒకే షామియానా రెండింటికీ సరిపోతుందని ప్రధాన కార్యాలయం వారు పొదుపుగా ఆలోచించారు.

బీరపాదు కోసేసి, జీపుని ట్రాక్టరుకి కట్టి వేదిక దగ్గరికి లాక్కొచ్చారు. టైర్లలో గాలి లేదు. బానెట్టు మీద శాలువా కప్పారు, అద్దానికి గంధం రాశారు, పళ్ళ బుట్ట సీట్లో పెట్టారు. పరాంకుశరావు ఉపన్యాసం మొదట చప్పగానే నడిచింది గాని, రానురాను ఆయనకే మనసు కరిగింది.

"ఇలాంటి ఉద్యోగి దొరకడం కష్టం. ఏనాడూ సెలవు అడగలేదు. ప్రమోషను అడగలేదు. యూనియన్లో చేరలేదు. నేను ఏం చెప్పినా ఒక్కసారైనా ఎదురు చెప్పలేదు," అన్నాడు. చేతిరుమాలు తీశాడు.

సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేకపోవడమే దానికి కారణం. పెన్షను మంజూరు పత్రాన్ని వైపర్ కింద పెట్టారు. జీపు బదులు చెప్పవలసిందిగా కోరారు, మౌనాన్ని వినయంగా భావించి చప్పట్లు కొట్టారు.

చిట్టబ్బాయి షామియానా పక్కన ఒక స్టూలు మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఆయన మెడలో లాట్ నంబరు ఒకటి అని అట్టముక్క వేలాడుతోంది. తన వీడ్కోలు సభలో చెప్పుకోవాలని ఎప్పటి నుంచో మనసులో దిద్దుకుంటున్న ఉపన్యాసం ఒకటి ఆయన దగ్గర ఉంది. దాని మొదటి వాక్యం కూడా ఇప్పుడు గుర్తుకు రాలేదు.

భోజనాలయ్యాక వేలం మొదలైంది. పాత ఇనుము వ్యాపారి కరీముల్లా ఒక్కడే పాటదారు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసు పాత కుర్చీలన్నీ కొంటున్నవాడు. చిట్టబ్బాయిని చూసి సలాం పెట్టాడు, నోటీసు చూశాడు, మళ్ళీ చిట్టబ్బాయిని చూశాడు.

"ఏంటండీ సార్, మిమ్మల్ని కూడా అమ్మేత్తన్నారా?" అన్నాడు. తనకి ఇష్టం లేదని, కాని పాట పాడకపోతే ఆఫీసువాళ్ళు తన లైసెన్సు రద్దు చేస్తారని పరాంకుశరావుకి వినపడకుండా చెప్పుకున్నాడు. కొన్న సరుకుని ఆ రోజే ముక్కలు చేసి తూకం వేయాలని షరతుల్లో ఉంది, ఆ ఒక్క షరతు తీసేయిస్తే తన కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టుకుంటానన్నాడు. షరతులు మార్చడం కుదరదని వేదిక మీద నుంచి సమాధానం వచ్చింది.

అప్పుడు మంగతాయారు లేచింది. ఆవిడ చేతిలో గుడ్డసంచి ఉంది. పొద్దున్నే కుట్టుమిషను అమ్మేసి వచ్చింది. పెన్షను వచ్చాక అమ్ముతానన్న మిషను పెన్షను పోయినందుకు అమ్మింది.

"నేను పాడతానండి," అంది.

పరాంకుశరావు కళ్ళజోడు తీశాడు. వేలంలో సంస్థ ఉద్యోగుల దగ్గరి బంధువులు పాల్గొనరాదని వివరించాడు.

"ఈయన ఉద్యోగి కాదన్నారు కదండీ. బండన్నారు. బండికి బంధువులుంటారా?"

వేదిక మీద కలకలం పుట్టింది. ఇది కొత్త సమస్య. పరాంకుశరావు, విచారణాధికారి త్రిలోచనమూర్తి తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. బంధువైతే ఉద్యోగి కావాలి, ఉద్యోగి అయితే వేలం చెల్లదు. బంధువు కాకపోతే పాడవచ్చు గాని, ఆవిడ బంధువని ఊరంతటికీ తెలుసు. స్పష్టత కోసం ప్రధాన కార్యాలయానికి రాస్తామని, స్పష్టత వచ్చేలోగా కరీముల్లా పాట కొనసాగుతుందని ప్రకటించారు. మంగతాయారు కూర్చోలేదు. ఆ గుడ్డసంచి గుండెకి హత్తుకుని అలాగే నిలబడింది.

చిట్టబ్బాయి భార్యనే చూస్తున్నాడు. ఇన్నేళ్ళు ఆఫీసు నోట్లు రాసిన బుర్ర అది. ఏ నిబంధనలో ఏ సందు ఉందో వాసన పట్టగల బుర్ర. భయంతో ఇన్నాళ్ళూ పడుకుంది. ఇప్పుడు లేచింది. ఉద్యోగికి బంధువులుంటారు, బండికి ఉండరు. సరే. ఉద్యోగికి ఉండి బండికి లేనిది ఇంకేముంది?

వేదిక మీద త్రిలోచనమూర్తి తన పని కూడా ముగించుకోవాలనుకున్నాడు. సాయంత్రం రైలుకి ఆయన టిక్కెట్టు ఉంది. శుక్రవారం నాడు డిస్కు తనిఖీ మధ్యలో స్విచ్ ఆపిన దోషి ఎవరో విచారణలో తేలలేదు గనుక, నిబంధన ప్రకారం సిబ్బంది అందరి సమక్షంలో చివరిసారి అడుగుతున్నానని, ఎవరూ ముందుకు రాకపోతే ఫైలు మూసేస్తానని అన్నాడు.

చిట్టబ్బాయి స్టూలు మీద నుంచి లేచాడు. మెడలో అట్టముక్క ఊగింది.

"ఒక్క సందేహం సార్. దోషి దొరికితే ఏం చేస్తారండీ?"

త్రిలోచనమూర్తికి ప్రశ్న నచ్చింది. క్రమశిక్షణా నియమావళి ఆయనకి కంఠస్థం. చార్జిమెమో ఇస్తామన్నాడు. రిటైర్మెంటు రోజున దొరికితే రిటైర్మెంటుని నమోదు చేసి, పెన్షను నిర్ణయించి, నోటీసులో నిలిపేస్తామని ఉన్నా నియమావళి ప్రకారం విచారణ పూర్తయ్యేదాకా దానిలో కొంత కోత మాత్రమే పెడతామన్నాడు.

"ఆ తప్పు జీపు చేసిందనుకోండి. జీపుకి ఇస్తారా?"

"జీపుకెలా ఇస్తామయ్యా? తప్పు చేసే అర్హత సంస్థ ఉద్యోగికి మాత్రమే ఉంది. ఉద్యోగి కానివాడి మీద నియమావళి ఒక్క అక్షరం కూడా వర్తించదు. చార్జిమెమో ఇచ్చామంటేనే అతను ఉద్యోగి అని సంస్థ ఒప్పుకున్నట్టు. దానికి తిరుగులేదు," అన్నాడు త్రిలోచనమూర్తి.

పరాంకుశరావు ఏదో అర్థమైనట్టు సగం లేచాడు. అప్పటికే ఆలస్యమైంది. చిట్టబ్బాయి మైకు దగ్గరికి వచ్చేశాడు. గొంతు సవరించుకున్నాడు. తన వీడ్కోలు సభలో మాట్లాడుతున్నట్టు అందరికీ ఒక నమస్కారం పెట్టాడు.

"అయ్యా, ఆ స్విచ్ ఆపింది నేను. ఆ శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి నేనే చివర్న బయటికొచ్చాను. తెర మీద తనిఖీ జరుగుతోంది, ఆపవద్దు అని ఇంగ్లీషులో రాసుంది. చదివాను. అర్థమైంది కూడా. గోడ మీద చూస్తే, కాగిత రహిత ఉద్యమానికి ముందు అంటించి ఇంకా ఎవరూ రద్దు చెయ్యని విద్యుత్ పొదుపు పక్షోత్సవాల సర్క్యులరు ఉంది. ఐదున్నరకల్లా కంప్యూటర్లన్నీ ఆపి తీరాలి, ఆపనివారిపై చర్య అని, కింద పరాంకుశరావు గారి సంతకం, ముద్ర. రెండు ఉత్తర్వులూ ఎదురెదురుగా ఉన్నాయి. కంప్యూటరు ఇచ్చిన దాని కింద సంతకం లేదు. సంతకం లేని ఉత్తర్వు నేను నా సర్వీసులో ఎప్పుడూ అమలు చెయ్యలేదు సార్. మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికెళ్ళిపోయాను. తర్వాత పెన్షను పోతుందని భయపడి నోరు మూసుకున్నాను, అది రెండో తప్పు. ఆ ముక్కల్ని అతకడానికి సూత్రం రాసింది కూడా నేనే, అది మూడోది. మూడింటికీ మూడు చార్జిమెమోలు ఇప్పించండి. పెన్షనులో కోత పెట్టండి, ఎంతైనా పెట్టండి. కోత పెట్టాలంటే ముందు పెన్షను ఉండాలి కదా. మా ఆవిడ మిషను కొన్నవాడు, డబ్బు తిరిగిస్తే మిషను వెనక్కిస్తానని సాయంత్రం దాకా ఆగుతానన్నాడట, కాస్త తొందరగా కానివ్వండి. మెమోలో నా పేరు, హోదా పూర్తిగా వెయ్యండి సార్, వాసంశెట్టి చిట్టబ్బాయి, సీనియర్ అసిస్టెంటు అని. ఇంకొక్క మనవి. దాన్ని కంప్యూటరులో కొట్టకండి. చేత్తో రాసి ఇవ్వండి."